కెల్పీ-గ్రేహౌండ్ క్రాస్: కుందేలును పట్టమంటే కాపలా కాస్తోంది, ఏం చేయాలి?

గొర్రెలదొడ్డి
ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో క్యాంపర్‌డౌన్ దగ్గర గొర్రెల ఫామ్‌లో పని చేస్తున్నాను, నాలుగేళ్లయింది. మా ఓనర్ దగ్గరున్న కెల్పీ (గొర్రెల్ని కాసే ఆస్ట్రేలియా జాతి) ఆడకుక్కకీ, రేసులు మానేసిన ఒక గ్రేహౌండ్‌కీ పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని నాకిచ్చాడు. నల్లగా ఉందని బొగ్గు అని పేరు పెట్టాను. ఇప్పుడు 14 నెలలు, 24 కిలోలు. కాళ్లు, నడుము గ్రేహౌండ్‌వి, తల మాత్రం అచ్చం కెల్పీ. ఇలాంటి క్రాస్‌ని లర్చర్ అంటారు, కుందేళ్ల వేటకి దీన్ని మించింది లేదు అని ఓనర్ చెప్పాడు, నేను నమ్మాను.

సమస్య ఏంటంటే, సాయంత్రం కింది పాడక్‌లో (కంచె వేసిన మేత పొలం) కుందేళ్లు మేతకి బయటికొస్తాయి. బొగ్గు బాణంలా వెళ్తుంది, వేగానికి వంక పెట్టలేం. వెళ్లి కుందేలుకీ దాని బొరియకీ మధ్యలో నిలబడిపోతుంది. తల నేలకి దించి, ముందుకాలు ఒకటి గాల్లో పెట్టి, రెప్ప వేయకుండా చూస్తుంది. కుందేలు కూడా చెవులు వీపుకి అంటించేసి బిగుసుకుపోతుంది. అవి రెండూ అలా ఒకదాన్నొకటి చూసుకుంటుంటే నేను సంచి పట్టుకుని వాటిని చూస్తుంటాను. అర నిమిషం తర్వాత కుందేలు పక్కకి దూకుతుంది, ఇది చుట్టూ తిరిగి దాన్ని నా వైపు తోలుకొస్తుంది. మొన్న అయితే కుందేలు నా రెండు బూట్ల మధ్య నుంచి దూరి వెళ్లిపోయింది. నోరు మాత్రం పెట్టదు.

తప్పు కెల్పీ రక్తానిదా, నా ట్రైనింగ్‌దా? ఇలాంటి క్రాస్‌తో వేట చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని
అన్నా నీది వేటకుక్క కాదు, కుందేళ్ల కాపరి. ఒక మంద కట్టి ఉన్ని తీసుకో.

అడిలైడ్_అట్టు
బూట్ల మధ్య నుంచి వెళ్లినప్పుడు మోకాళ్లు దగ్గరికి పెట్టి ఉంటే కూర అయ్యేది. తప్పు కుక్కది కాదు.

లైటు_పట్టేవాడు
ఇంగ్లండ్ ఉత్తరాన ఉంటాను, డరమ్ దగ్గర. పదకొండేళ్లుగా లర్చర్లతోనే తిరుగుతున్నాను, ఇప్పుడున్నది మూడోది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

లర్చర్ అంటే ఒక జాతి కాదు. చూపుతో వేటాడి పరుగెత్తే కుక్క (గ్రేహౌండ్, విప్పెట్ లాంటిది) ఒక వైపు, పని తెలిసిన కుక్క ఇంకో వైపు. ఒట్టి గ్రేహౌండ్ ఉందనుకోండి, కుందేలు కనపడితే వెళ్తుంది, కనపడకపోతే బుర్ర పనిచేయదు, రెండు మూడు పరుగులకే ఒళ్లు అలిసిపోతుంది. ఒట్టి కాపరి కుక్కకి బుర్ర ఉంటుంది, దమ్ము ఉంటుంది, ఆ చివరి పది గజాల్లో కావాల్సిన వేగం ఉండదు. రెండూ కలిస్తే బాగుంటుందని ఆశ. ఇక్కడ ఎక్కువమంది బోర్డర్ కోలీని కలుపుతారు. కెల్పీ కలిపినవి తక్కువ, నేను దగ్గర్నుంచి చూసింది రెండే.

మొదటి తరం క్రాస్‌లో, అంటే సగం సగం ఉన్నప్పుడు, ఏ గుణం ఎటు నుంచి వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. మీ బొగ్గుకి "కన్ను" వచ్చింది. మందని చూపుతోనే ఆపే గుణం అది. ఆలోచిస్తే అది కూడా వేటే, కాకపోతే చంపే చివరి మెట్టు మనుషులు వందేళ్లుగా తీసేశారు. అందుకే ఇక్కడ చాలామంది ఆ సగం క్రాస్‌ని మళ్లీ గ్రేహౌండ్‌తో కలిపి ముప్పావు గ్రేహౌండ్ చేస్తారు. కన్ను తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, బుర్ర కొంచెం మిగులుతుంది.

నా సూటి అభిప్రాయం: రాత్రి చీకట్లో లైటు కొట్టి కుక్కని వదిలే వేటకి ఇది పనికిరాదు. బొరియలోకి దూరి కుందేళ్లని బయటికి తరిమే ఫెర్రెట్‌తో పాటు దీన్ని బొరియల దగ్గర వాడండి, అక్కడ కన్ను పనికొస్తుంది.

కాస్టర్‌టన్_కోడలు
లైటు గారూ, కోలీ లెక్క తెచ్చి కెల్పీకి కట్టకండి. మేం ఉండేది కాస్టర్‌టన్‌లో, కెల్పీ పుట్టిల్లు ఇది. ఇక్కడ కిరాణా కొట్టులో నిలబడినా కుక్కల కబుర్లే. కెల్పీలో కూడా కన్ను ఉంటుంది గానీ కోలీలా అందులోనే ఇరుక్కుపోదు, అవసరమైతే మీద పడుతుంది, మొరుగుతుంది, గొర్రెల వీపుల మీద ఎక్కి ఆ చివరికి వెళ్లి దిగుతుంది.

అసలు అడగాల్సింది, ఆ తల్లి ఎలాంటి కెల్పీ అని. పాడక్‌లో దూరం నుంచి మందని తేవడానికి పెంచిన రకం వేరు, యార్డ్‌లో గొర్రెల్ని దగ్గరగా నెట్టే రకం వేరు. పాడక్ రకానికి కన్ను ఎక్కువ, చుట్టూ వెడల్పుగా తిరుగుతుంది, నోరెత్తదు. గొర్రెలదొడ్డి చెప్పింది వింటుంటే వాళ్లమ్మ పాడక్ కుక్కే అయ్యుండాలి.

గొర్రెలదొడ్డి
@కాస్టర్‌టన్_కోడలు అవునండీ, తల్లి పాడక్ కుక్కే. కిలోమీటర్ దూరంలో ఉన్న మందని ఒక్క విజిల్‌తో తెస్తుంది. మొరగడం నేనెప్పుడూ వినలేదు.

కాస్టర్‌టన్_కోడలు
చూశారా.

నైట్‌షిఫ్ట్_నాని
అక్కా పుట్టిల్లు అన్నారు, ఆ కథేంటి? కెల్పీలో డింగో రక్తం ఉందని మా సూపర్‌వైజర్ ఒట్టేసి చెప్తాడు.

కాస్టర్‌టన్_కోడలు
ఊరి బయట వారాక్ అనే పెద్ద గొర్రెల ఎస్టేట్ ఉంది. 1870ల మొదట్లో అక్కడ స్కాట్లండ్ నుంచి తెచ్చిన కోలీలకి పుట్టిన ఆడపిల్లని జాక్ గ్లీసన్ అనే మందలు తోలే ఆయన ఇష్టపడ్డాడు. ఓనరేమో ఆడపిల్లల్ని అమ్మడు. గ్లీసన్ తన గుర్రాన్ని ఇచ్చి పిల్లని తీసుకున్నాడు. దానికి కెల్పీ అని పేరు పెట్టాడు, స్కాట్లండ్ కథల్లో నీళ్లలో ఉండే దయ్యపు గుర్రం పేరది. గుర్రం ఇచ్చి గుర్రం పేరే పెట్టాడన్నమాట. ఏటా జూన్‌లో లాంగ్ వీకెండ్‌కి ఇక్కడ కెల్పీల జాతర జరుగుతుంది, కుక్కలు గోడలెక్కడం, పరుగుపందేలు, వేలంపాట, అన్నీ ఉంటాయి. ఒకసారి రండి.

డింగో మాట పుకారు. 2019లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు జన్యువులు చూస్తే కెల్పీలో డింగో జాడ కనపడలేదు. మీ సూపర్‌వైజర్ ఒట్టు తీసి గట్టున పెట్టమనండి.

సీమ_జాగిలం
అనంతపురం నుంచి. మీ చర్చ చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయన దగ్గర కర్ణాటకలోని ముధోల్ వైపు నుంచి తెచ్చిన జాగిలాలుండేవి. సన్నటి నడుము, పొడుగు ముక్కు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తిండి పెట్టట్లేదేమో అని కొత్తవాళ్లు జాలిపడేవాళ్లు. ఆయన ఎప్పుడూ ఊరకుక్కతో కలపనిచ్చేవాడు కాదు, "పరుగులో నీళ్లు కలుస్తాయి" అనేవాడు. లైటు గారు చెప్పినదాని ప్రకారం అక్కడ కావాలనే నీళ్లు కలుపుతున్నారు!

ఇప్పుడు ఇక్కడ ఆ మాటే లేదు. 1972 చట్టం ప్రకారం కుందేలు రక్షణ ఉన్న జంతువు, కుక్కని వదిలినా, ఉచ్చు పెట్టినా కేసే. ఇది చదివి ఎవరూ మన ఊళ్లో ట్రై చేయకండి.

ఇంకో మాట. మన చేల కుందేలు, అక్కడి కుందేలు ఒకటి కాదు. మనది బొరియ తవ్వదు, చెట్టు మొదట్లోనో చేలోనో గుంటలా చేసుకుని పడుకుంటుంది, లేచిందంటే మైళ్లు పరుగెత్తుతుంది. దానికి జాగిలమే కావాలి. గొర్రెలదొడ్డి గారు చెప్పే రకం బొరియలో గుంపుగా ఉండేది, దాని పరుగంతా ఇంటి గుమ్మం దాకానే. తెలుగులో రెండిటికీ ఒకటే పేరు కాబట్టి మనం కలిపేస్తాం.

లైటు_పట్టేవాడు
సీమ గారు భలే పాయింట్ పట్టారు. ఇక్కడ కూడా ఆ తేడా చట్టంలోనే ఉంది. 2004 వేట చట్టం వచ్చాక చేల కుందేలు మీదికి కుక్కని వదిలితే నేరం. బొరియ కుందేలు, ఎలుక మాత్రం పొలం ఓనర్ అనుమతి ఉంటే పట్టొచ్చు. నేను జేబులో అనుమతి కాగితం లేకుండా గేటు దాటను.

పరుగు గుమ్మం దాకానే అన్నది కూడా నిజం. అందుకే ఇక్కడ నిలకడ వేగం కంటే, కదిలిన మొదటి క్షణంలో అందుకోవడం ముఖ్యం. పెద్ద గ్రేహౌండ్ మలుపు తిరిగేసరికి కుందేలు ఇంట్లో ఉంటుంది. కుందేళ్లకి విప్పెట్ కలిసిన చిన్న క్రాసే మేలని నేను అంటాను. 24 కిలోల కుక్క తిరగడానికి ఎకరం కావాలి.

షెపర్టన్_శీనయ్య
విప్పెట్ మాట వచ్చింది కాబట్టి నా గోడు. కెల్పీ-విప్పెట్ క్రాస్ పెంచాను, పేరు చిట్టి. 16 కిలోలు. లైటు గారు చెప్పినట్టు అరచేతిలో తిరిగినట్టు తిరిగేది. కానీ చిట్టి వాళ్లమ్మ యార్డ్ రకం, నోరు ఆగదు. లైటు వేసి, కుందేలు కళ్లు ఎర్రగా మెరిసి, నేను తాడు వదిలేలోపే "కయ్, కయ్" మొదలు. పాడక్‌లో ఉన్న కుందేళ్లన్నీ ఒక్కసారి గుమ్మంలోకి. మూడు సీజన్లు నేను మంచులో వాకింగ్ చేశాను, అంతే.

నాలుగో సీజన్‌లో ఇంకా ఘోరం. చీకట్లో కుందేలు కంచె కింద నుంచి దూరింది, ఇది వెనకే వెళ్లింది. ముళ్లతీగ కింది వరస మెడ నుంచి తోక దాకా గీసింది. విప్పెట్ తోలు సిగరెట్ కాగితంలా ఉంటుంది కదా, అట్టపెట్టె విప్పినట్టు విచ్చుకుంది, లోపలి కండ తెల్లటి పొరతో సహా కనపడుతోంది, రక్తం మాత్రం పెద్దగా లేదు. అది తోక ఊపుతూనే ఉంది. నేను జాకెట్‌లో చుట్టి నలభై నిమిషాలు కారు నడిపాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. 40 కుట్లు. ఇప్పుడు సోఫా మీద రిటైర్మెంట్.

కాబట్టి కొత్త పొలంలో లైటు వేసే ముందు పగలు వెళ్లి కంచెలు చూసుకోండి. ఇది ఎవరూ చెప్పరు.

అడిలైడ్_అట్టు
చిట్టికి ముద్దులు. చదువుతూ నా వీపు సలిపింది.

తులసికోట
ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఆ కుందేలు మీద జాలి లేదా? చిన్న ప్రాణి, గడ్డి తిని బతుకుతుంది. మా పాపకి ఒకటి ఉంది, రోజూ ఒళ్లో పడుకుంటుంది. సరదా కోసం కుక్కల్ని వదలడం ఏం ఆనందమో నాకర్థం కాదు.

నైట్‌షిఫ్ట్_నాని
తులసి గారూ మీరు క్వీన్స్‌లాండ్‌లో లేరు కదా? అక్కడ కుందేలుని పెంచుకోవడమే నేరం, ఫైన్ కడితే మీ పాప పాకెట్ మనీ పదేళ్లు పోతుంది.

తులసికోట
సిడ్నీలో ఉన్నాం. జోకులు ఆపండి.

పశువులడాక్టర్
న్యూసౌత్‌వేల్స్‌లో పల్లె క్లినిక్‌లో పని చేస్తాను. తులసికోట గారి బాధ నాకర్థమవుతుంది, కుందేళ్లకి నేనే రోజూ వైద్యం చేస్తాను. కానీ ఈ దేశంలో అడవి కుందేలు సంగతి వేరు. 1859లో థామస్ ఆస్టిన్ అనే దొర వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి 24 కుందేళ్లు తెప్పించి వించెల్సీ దగ్గర తన బార్వన్ పార్క్‌లో వదిలాడు. అది గొర్రెలదొడ్డి గారి ఇంటి నుంచి కారులో గంట దూరం కూడా ఉండదు. 2022లో జన్యువులు పరిశీలిస్తే ఈ ఖండమంతా నిండిన కుందేళ్ల మూలం ఎక్కువగా అక్కడే అని తేలింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వీటిని ఆపడానికి 1,800 కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు, 1907లో పూర్తయ్యేసరికి అవి కంచె దాటేసి ఉన్నాయి. 1950లో మిక్సోమటోసిస్ వైరస్ వదిలారు, మొదట్లో మందలు మందలు చచ్చాయి, బతికిన వాటి పిల్లలు తట్టుకోవడం నేర్చుకున్నాయి. తర్వాత 1995లో కాలిసివైరస్ అనే ఇంకో కుందేళ్ల వైరస్, దాని మీద ప్రయోగం చేస్తున్న దీవి నుంచి తప్పించుకుంది. మొలిచిన ప్రతి చెట్టు మొక్కనీ ఇవి కొరికేస్తాయి, అక్కడి సొంత జంతువులకి మేత ఉండదు. విక్టోరియాలో వీటిని అదుపు చేయడం పొలం ఓనర్ బాధ్యత అని చట్టమే చెప్తుంది. మిక్సో వచ్చి కళ్లు వాచి, చీము కారుతూ వారం పది రోజులు గుడ్డిగా తిరిగే కుందేలుని ఒకసారి చూస్తే, కుక్క నోట్లో అర నిమిషంలో పోవడం క్రూరమా కాదా అన్నది మీరే అనుకోండి.

ఇక బొగ్గు విషయం. 14 నెలలు పసితనమే, తొందరపడి లైట్ల కింద రాత్రంతా పరుగెత్తించకండి, కీళ్లు పాడవుతాయి. కెల్పీల్లో చిన్నమెదడు దెబ్బతినే వంశపారంపర్య జబ్బు ఒకటి ఉంది, పిల్లలు కొన్ని వారాల వయసులోనే తూలుతూ నడుస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది, మీది గ్రేహౌండ్ క్రాస్ కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. మీరు అడగాల్సింది మందు గురించి. మీ ఓనర్ గానీ పక్కవాళ్లు గానీ కుందేళ్లని చంపే 1080 అనే విషం వేశారా? వేసిన పొలంలో చచ్చిన కుందేలుని కుక్క నోట పెట్టినా చాలు, విరుగుడు లేదు. పిండోన్ అనే ఇంకో విషం అయితే విటమిన్ కె1 తో కాపాడొచ్చు, అదీ టైమ్‌కి తెస్తేనే.

గొర్రెలదొడ్డి
డాక్టర్ గారూ థాంక్స్. 1080 సంగతి ఇవాళే అడిగాను. మా పొలంలో వేయలేదు, దక్షిణం వైపు పక్కాయన పోయిన ఏడాది వేశాడట. అటు కంచె వైపు ఇక వెళ్లను. ఇంకో అనుమానం, కుందేలు కోసినప్పుడు పేగులు కుక్కకి వేయొచ్చా? ఓనర్ వాళ్ల నాన్న వేసేవాడట.

పశువులడాక్టర్
వద్దు. ఈసారి కోసినప్పుడు పేగుల పొర మీద, కాలేయం పక్కన చూడండి, బఠాణీ గింజంత నీటి బుడగలు గుత్తులుగా కనపడొచ్చు. సగ్గుబియ్యం ఉడికినట్టు, లోపల ఒక తెల్ల చుక్క ఉంటుంది. అవి బద్దెపురుగు పిల్లలు. కుక్క తింటే దాని పేగుల్లో పెద్దవి అవుతాయి. మనిషికి వీటితో ప్రమాదం తక్కువే గానీ, గొర్రెల ఫామ్‌లో కుక్కకి పచ్చి లోపలి భాగాలు అలవాటైతే అది రేపు చచ్చిన గొర్రె దగ్గరికి వెళ్తుంది, అక్కడ హైడాటిడ్ పురుగు అంటుకుంటుంది, అది మాత్రం మనుషుల కాలేయంలో తిత్తులు పెడుతుంది. ఫామ్ కుక్కకి ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ (బద్దెపురుగుల మందు) మాత్ర.

అడిలైడ్_అట్టు
ఇక సగ్గుబియ్యం పాయసం నా జీవితంలో లేదు. థాంక్స్ డాక్టర్ గారూ.

మూడోకాలు
ఇంత చదివాక నా మాట. వేటకి కుక్కే అనవసరం. ఒక ఆడ కుందేలు 30 రోజులకోసారి ఈనుతుంది, మీ లర్చర్ రాత్రికి నాలుగు పడితే ఎంత, పది పడితే ఎంత. బొరియలు ట్రాక్టర్‌తో దున్నేస్తే తప్ప తగ్గవు. లర్చర్ అనేది మనిషి సరదా, దానికి పొలం పేరు పెట్టకండి.

లైటు_పట్టేవాడు
నెట్టుకొచ్చే కుక్క, ఫెర్రెట్, వలలు ఉంటే ఒక్క పగలు ఇరవై తీసిన రోజులున్నాయి నాకు. తోటల పక్కన, ఇళ్ల దగ్గర, ట్రాక్టర్ వెళ్లని చోట ఇంకేం చేస్తారు?

మూడోకాలు
ఇరవై తీశావు, ముప్పై పుట్టాయి.

లైటు_పట్టేవాడు
మీ పేరు ఊరికే పెట్టుకోలేదన్నమాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

సీమ_జాగిలం
😂😂 ఇంతసేపటికి ఆ సామెత వచ్చింది, నేను మొదటి నుంచి ఎదురుచూస్తున్నా.

కాస్టర్‌టన్_కోడలు
మూడోకాలు గారు చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. కానీ బొరియలు దున్నే పనిలో కూడా కుక్కలు కావాలి. ట్రాక్టర్ తెచ్చే ముందు కుక్కల్ని పొలమంతా తిప్పి పైన ఉన్న కుందేళ్లని బొరియల్లోకి తోలాలి, లేకపోతే ఖాళీ ఇల్లు దున్నినట్టు. అప్పుడు పైన మిగిలినవి నాలుగు రోజుల్లో మళ్లీ తవ్వేస్తాయి. ఇది కెల్పీ పని. గొర్రెలదొడ్డీ, మీ ఓనర్‌ని దున్నే ఆలోచన ఉందేమో అడుగు.

షెపర్టన్_శీనయ్య
బొగ్గు చేసేది దానికి రివర్స్ కదక్కా. ఇది బొరియలోకి పోనివ్వకుండా అడ్డం నిలబడుతోంది.

కాస్టర్‌టన్_కోడలు
అది కూడా నేర్పొచ్చు. మందని తేవడం, తోలడం రెండూ నేర్పుతాం కదా. కెల్పీకి పుట్టుకతో వచ్చేది తేవడం, తోలడం మనం చెప్పాలి.

లైటు_పట్టేవాడు
ముందు ఒక పని చేయి తమ్ముడూ. లైటు పక్కన పెట్టు. తాడు కట్టి పగలు బొరియల దిబ్బల మీద నడిపించు. లోపల కుందేలుంటే కుక్క ఆగుతుంది, చెవులు ముందుకి, తల కొంచెం పక్కకి వాల్చి కిందికి వింటుంది. ఖాళీ బొరియ అయితే వాసన చూసి వదిలేస్తుంది. ఆగిన చోట నువ్వేం మాట్లాడకుండా మెల్లగా నిమిరి ఫెర్రెట్ వదులు. లోపలి నుంచి వలలోకి దూకినప్పుడు ఆ వల ఎగిరిపడటం చూసిందంటే దాని బుర్రలో ఇంకో దీపం వెలుగుతుంది. నోరు పెట్టడం అక్కడ నేర్చుకుంటుంది, పరుగులో కాదు. మెత్తని నోరు అయితే ప్రాణంతో తెస్తుంది, చితికిన మాంసం ఎవడికి కావాలి.

ఒక్కటి గుర్తుపెట్టుకో, తాడు లేకుండా గొర్రెల మధ్య వదలకు, ఎంత నమ్మకమైనా.

గొర్రెలదొడ్డి
గొర్రెల జోలికి పోదు అన్నా, అదే దాని గొప్ప. పొరుగు రైతులు మాత్రం కొత్త కుక్క కనపడితే తుపాకీ వైపు చూస్తారు. మంద దగ్గర విడిగా తిరిగే కుక్కని కాల్చే హక్కు వాళ్లకి ఉంది ఇక్కడ. అందుకే మెడకి ఆరెంజ్ పట్టీ వేశాను.

నైట్‌షిఫ్ట్_నాని
ఫెర్రెట్ అంటే ముంగిస లాంటిదా?

లైటు_పట్టేవాడు
ముంగిస కాదు, చూడ్డానికి దానికి చెల్లెలు. కంపు మాత్రం దాని సొంతం.

గొర్రెలదొడ్డి
(మూడు వారాల తర్వాత)
అప్‌డేట్ అడిగారు కదా మెసేజ్‌లో, ఇదిగో.

ఫెర్రెట్లు పెంచే ఒక పెద్దాయన కొలాక్ దగ్గర దొరికాడు. రెండు ఆదివారాలు మా పొలానికి వచ్చాడు. మొదటి ఆదివారం బొగ్గు అచ్చం లైటు అన్న చెప్పినట్టే నిలబడింది, తల పక్కకి వాల్చి. ఏడు దిబ్బల్లో నాలుగింటి దగ్గర ఆగింది, ఆగిన నాలుగింటిలోనూ ఉన్నాయి. ఆగని మూడింట్లో పెద్దాయన అనుమానంగా ఫెర్రెట్ వదిలితే అది వచ్చి ఆవులించింది. పెద్దాయన బొగ్గుని కొంటానన్నాడు, ఇవ్వనన్నాను.

వలలో పడ్డ మొదటిదాన్ని బొగ్గు కాలితో నొక్కిపెట్టి నా వైపు చూసింది, ఇప్పుడేం చేయాలి అన్నట్టు. రెండోదాన్ని మెడ పట్టుకుంది. అంతే, నోరు వచ్చింది.

ఓనర్ పై పాడక్‌లో బొరియలు దున్నాడు. ముందు రోజు రెండు పెద్ద కెల్పీలు కుందేళ్లన్నిటినీ లోపలికి తోలుతుంటే, బొగ్గు ఒకదాన్ని మళ్లీ బయటికి తెచ్చి నా దగ్గర అప్పజెప్పింది. ఓనర్ ఆరోజంతా నాతో మాట్లాడలేదు.

కాస్టర్‌టన్_కోడలు
😂 నేర్పొచ్చు అన్నాను, మూడు వారాల్లో అనలేదు.

లైటు_పట్టేవాడు
ఇంతకీ పరుగులో ఏదైనా పట్టిందా?

గొర్రెలదొడ్డి
ఒకటి. మొన్న శుక్రవారం సాయంత్రం. వెళ్లింది, అడ్డం నిలబడింది, కుందేలు పక్కకి దూకింది, ఈసారి దాంతో పాటే ఇదీ దూకి గాల్లోనే అందుకుంది. ప్రాణంతో తెచ్చి నా చేతికిచ్చింది. చూస్తే దానికి వెనక కాలు ఒకటి లేదు. పాత దెబ్బ, ఎప్పుడో మానిపోయి మీద బొచ్చు కూడా వచ్చింది.

సీమ_జాగిలం
ఆగండాగండి.

మూడోకాలు
ఫోటో పెట్టు.

గొర్రెలదొడ్డి
తీయలేదు, చీకటి పడిపోయింది. నిజం అన్నా, మూడే కాళ్లు.

నైట్‌షిఫ్ట్_నాని
ఎవరూ నమ్మకండి.

గొర్రెలదొడ్డి
బొగ్గు మీద ఒట్టు. మూడే.